కోయకుండా చూడటం

ఇంటర్ బైపీసీ చదివిన ఒక తరానికి కప్ప అనగానే వాన గుర్తుకు రాదు, మైనపు పళ్లెం గుర్తుకొస్తుంది. కప్పను వెల్లకిలా పడుకోబెట్టి, నాలుగు కాళ్లకూ గుండుసూదులు గుచ్చి, పొట్ట మధ్యలో కత్తెర పెట్టి పైకి కోసుకుంటూ పోవాలి. నేను కోసిన కప్ప గుండె పొట్ట తెరిచాక కూడా కొట్టుకుంటూనే ఉంది. నా కత్తెర మొదట్లోనే ఓ రక్తనాళాన్ని తెంపింది. ఆ తర్వాత పళ్లెంలో కనిపించిందంతా రక్తమే. కాలేయం ఏదో, జఠరం ఏదో తేల్చుకోలేక పక్కవాడి రికార్డు చూసి బొమ్మ గీశాను. చూద్దామని కోశాను, కోసినందువల్లే చూడలేకపోయాను. 2014లో యూజీసీ డిగ్రీ, పీజీ జంతుశాస్త్ర తరగతుల్లో ఈ కోతలు ఆపించింది. అప్పటికి మా తరం కప్పలన్నీ అయిపోయాయి.

ఈ చిక్కు ఒక్క ఇంటర్ కుర్రాడిదే కాదు. రొమ్ములో అనుమానించదగ్గ గడ్డ తగిలితే, సూది గుచ్చి ముక్క తీసి చూస్తే తప్ప అదేమిటో డాక్టరు ఖాయంగా చెప్పలేడు. బంగినపల్లి మామిడి టెంక దాకా తియ్యగా పండిందో లేదో కొనేవాడికి కోస్తేగాని తెలియదు, కోశాక దాన్ని మళ్లీ గంపలో పెట్టలేం. క్యాన్సర్ చిత్రణ, ఆహార పరీక్ష, కప్పల జీవశాస్త్రం అనే మూడింటికీ పైకి ఏ చుట్టరికమూ కనపడదు. కానీ ఈమధ్య ఈ మూడింటిలో వచ్చిన పరిశోధనలను వరుసగా పెట్టి చదివితే అన్నీ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతున్నాయి: వెలుతురును పట్టుకుని, కోయకుండా, లోపల ఎంతవరకు చూడొచ్చు? నాకు తేలింది ముందే చెప్పేస్తాను. చూసే బాధ చాలావరకు తీరింది. చూసినదానికి పేరు పెట్టే బాధ అలాగే ఉంది, దాన్ని గురించి తక్కువగా మాట్లాడుకుంటున్నాం.

చిన్నప్పుడు కరెంటు పోయిన రాత్రుల్లో టార్చిలైటు మీద అరచెయ్యి మూసి ఆడుకునేవాళ్లం. వేళ్లు ఎర్రగా వెలిగేవి, ఎముక మాత్రం కనిపించేది కాదు. వెలుతురు చేతిని దాటుతోంది, బొమ్మ దాటడం లేదు. తెల్లటి వెలుగులోని నీలాన్నీ ఆకుపచ్చనీ రక్తంలోని హిమోగ్లోబిన్ మింగేస్తుంది, ఎరుపును అంతగా ముట్టుకోదు. అందుకే వేళ్లు ఎర్రన. బొమ్మ దాటకపోవడానికి కారణం వేరు. కణాల పొరలు, కొవ్వు బొట్లు, పీచులు తగిలిన ప్రతిచోటా కిరణం దారి తప్పుతుంది. పాఠ్యపుస్తకాలు దీన్ని పరిక్షేపణం అంటాయి. గ్లాసుడు పాలలో వెలుతురును మింగే సరుకు దాదాపు ఏమీ లేదు, అయినా అందులో ముంచిన చెంచా కనపడదు. కొవ్వు బొట్లూ కేసిన్ రేణువులూ కాంతిని చెదరగొట్టడం వల్లే పాలు తెల్లన. వెలుతురు లెక్కలో మన ఒళ్లు ఎర్ర రంగు కలిపిన పాలగ్లాసు. సుమారు 650 నుంచి 900 నానోమీటర్ల మధ్య, అంటే ముదురు ఎరుపు మొదలు కంటికి ఆనని పరారుణం దాకా, హిమోగ్లోబిన్ ఆకలి తగ్గుతుంది, నీటి ఆకలి ఇంకా మొదలవదు. ఒంటికి ఉన్న ముఖ్యమైన కిటికీ అది. ఇక్కడ చెప్పబోయే పరికరాల్లో కొన్నింటి కాపురం ఆ కిటికీ దగ్గరే.

ఈ పాలగ్లాసు సమస్యను మనకంటే ముందు ఒక కప్ప పరిష్కరించుకుంది. మధ్య, దక్షిణ అమెరికా అడవుల్లో గాజుకప్పలని ఒక కుటుంబం ఉంది, నూట యాభైకి పైగా జాతులు. వీపు లేతాకుపచ్చ, పొట్ట చర్మం అద్దం. తిరగేసి చూస్తే గుండె కొట్టుకోవడం కనిపిస్తుంది. రాత్రంతా తిరిగి పగలు ఆకు అడుగున అతుక్కుని నిద్రపోతాయి. ఆకు మీద పడిన ఎండ వాటి ఒంటిలోంచి దూరి పోతే నీడ పడదు, నీడ పడకపోతే పిట్ట కంట పడవు. చర్మం, కండరం పారదర్శకంగా ఉంటే చాలదు కదా, రక్తం మాటేమిటి? ఎర్ర రక్తం ఒంటి నిండా పారుతున్నప్పుడు ఎంత అద్దం లాంటి చర్మమైనా ఎర్రగానే కనపడాలి. చేపల్లో కొన్ని పారదర్శక జాతులు హిమోగ్లోబినే లేకుండా బతికేస్తాయి. కప్పకు ఆ వెసులుబాటు లేదు.

2022 డిసెంబరులో ‘సైన్స్’ పత్రికలో కార్లోస్ తబోదా, జెస్సీ డెలియా, వాళ్ల సహచరులు దీనికి జవాబు ప్రకటించారు. నిద్రపోతున్న గాజుకప్ప తన ఎర్ర రక్తకణాల్లో దాదాపు 89 శాతాన్ని ప్రవాహంలోంచి తీసి కాలేయంలో దాచేస్తుంది. కాలేయం చుట్టూ అద్దంలా వెలుతురును తిప్పికొట్టే స్ఫటికాల పూత ఉంటుంది కాబట్టి లోపలి ఎరుపు బయటికి పొక్కదు. ఒంటి పారదర్శకత రెండు మూడు రెట్లు పెరుగుతుంది. లేచి కదలగానే కణాలు మళ్లీ దారిన పడతాయి. అంత రక్తాన్ని ఒకచోట కుక్కితే మన ఒంట్లో గడ్డకట్టి ప్రాణం తీస్తుంది. ఈ కప్పకు రోజూ అదే పని, రోజూ ఏమీ కాదు. గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్లకు రక్తం గడ్డకట్టకుండా మందులిచ్చే వైద్యులకు ఇది ఆసక్తి కలిగించక మానదు. అయితే కప్పలో ఆ ఏర్పాటు ఎలా పనిచేస్తోందో ఇంకా తేలలేదు. దానికి ముందే దాని పేరు మీద మందు కనిపెట్టేసినట్టు రాసిన వార్తలు చూసి నవ్వుకున్నాను.

నన్ను ఆపేసింది ఆ ఫలితం కంటే దాన్ని రాబట్టిన తీరు. కప్పను కోస్తే రక్తం చిందుతుంది, నా మైనపు పళ్లెంలో జరిగినట్టే. మత్తిస్తే రక్తం దాచుకోదు, నిద్రలో మాత్రమే దాచుకుంటుంది. కాబట్టి మత్తివ్వకుండా, తాకకుండా, నిద్ర చెడకుండా, ఒంట్లో రక్తం ఎక్కడుందో లెక్కపెట్టాలి. డ్యూక్ విశ్వవిద్యాలయంలో అదే ఆవరణలో జున్‌జీ యావో ప్రయోగశాల ఉంది. అక్కడివాళ్ల పని వెలుతురును శబ్దంగా మార్చి బొమ్మ తీయడం. కప్పలవాళ్లు ఆ తలుపు తట్టారు.

వెలుతురుకు శబ్దం చేసే గుణం ఉందని మొదట గమనించినవాడు టెలిఫోను గ్రాహంబెల్. 1880లో ఎండను ఆగి ఆగి వస్తువుల మీద పడేలా చేస్తే అవి సన్నగా మోగడం విన్నాడు. వెలుతురును మింగిన వస్తువు లేశమాత్రం వేడెక్కి ఉబ్బుతుంది, ఆ ఉబ్బు గాలిలో అలగా పాకుతుంది. నూరేళ్లు దాటాక లేజర్లూ అల్ట్రాసౌండ్ గ్రాహకాలూ చవకయ్యాక ఆ పాత వింత పనిముట్టయింది. సెకనులో వందకోట్లవ వంతు లెక్కలో కొలిచేంత కురచ లేజర్ మెరుపును ఒంటి మీద వేస్తారు. వెలుతురు లోపలికి చెదిరిపోతూనే వెళుతుంది, వెళ్లనీ. అది ఏ హిమోగ్లోబిన్‌కు తగిలితే అక్కడ చిటికె వేసినట్టు ఒక అతిధ్వని పుడుతుంది. ధ్వని మన కండలో వెలుతురు చెదిరినంతగా చెదరదు, తిన్నగా బయటికి వచ్చేస్తుంది. ఆ చిటికెలు ఎక్కడెక్కడ పుట్టాయో లెక్కగడితే రక్తనాళాల పటం తయారు. లోపలికి వెలుతురుగా వెళ్లి బయటికి శబ్దంగా రావడమన్న ఈ ఉపాయం నాకు ఈ రంగం మొత్తంలో అందమైనది.

గాజుకప్పలో రక్తం దాక్కున్న చోటు చూపించిన ఈ పద్ధతే రొమ్ములో గడ్డ చుట్టూ రక్తం గుమిగూడిన చోటూ చూపిస్తుంది. పెరిగే కణితికి తిండి కావాలి, అందుకోసం అది తన చుట్టూ అడ్డదిడ్డంగా కొత్త రక్తనాళాలు మొలిపించుకుంటుంది. పైగా ఆక్సిజన్ ఉన్న రక్తం, అయిపోయిన రక్తం వేర్వేరు రంగులను వేర్వేరుగా మింగుతాయి కాబట్టి రెండు రంగుల లేజర్లు వాడితే ఎక్కడ ఆక్సిజన్ కరవుందో కూడా తెలుస్తుంది. 2018లో కాల్‌టెక్‌లో లిహోంగ్ వాంగ్ బృందం 15 సెకన్లలో, ఒక్క ఊపిరి బిగపట్టేంత సేపట్లో, రొమ్ములోపల 4 సెంటీమీటర్ల లోతు వరకు నాళాలను బొమ్మ తీసింది. ఎక్స్‌రే లేదు, రంగు మందు ఎక్కించడం లేదు, మామోగ్రఫీలోలా రొమ్మును పలకల మధ్య బాధాకరంగా నొక్కడం లేదు. కానీ ఆ అధ్యయనంలో ఉన్నది పట్టుమని పదిమంది రోగులు కూడా కాదు. 2021 జనవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ కోవలో మొదటి రొమ్ము యంత్రానికి అనుమతిచ్చింది. ఆ అనుమతి గడ్డను కొత్తగా వెతకడానికి కాదు. మామూలు అల్ట్రాసౌండులో అనుమానంగా కనిపించిన గడ్డకు సూది అవసరమా కాదా తేల్చుకోవడంలో తోడ్పడటానికి. ఆశకూ అనుమతికీ మధ్య దూరం సాధారణంగా ఇంతే ఉంటుంది.

కప్ప రక్తాన్ని దాచి అద్దమైంది. ఎలుకను అద్దం చేయడానికి స్టాన్‌ఫర్డ్‌లో ఎంచుకున్న దారి దానికి తలకిందులు. 2024 సెప్టెంబరులో గ్వోసాంగ్ హాంగ్, జిహావో ఊ తదితరులు బతికి ఉన్న ఎలుక పొట్ట మీద పసుపు రంగు నీళ్లు రుద్దారు. కొన్ని నిమిషాల్లో చర్మం నారింజ రంగు గాజు కాగితంలా అయి, లోపల పేగుల కదలిక కనిపించింది. తల మీద రుద్దితే మెదడు పైనుండే నాళాలు కనిపించాయి. నీళ్లతో కడిగితే చర్మం మళ్లీ మామూలు. ఆ పసుపు ఏదో అరుదైన రసాయనం కాదు. టార్ట్రజీన్. మిఠాయి కొట్టులో, శీతల పానీయాల్లో, చిప్స్‌లో వాడే ఇ102 రంగు. మొదట పరీక్షించింది కూడా వంటింటి వస్తువు మీదే, కోడి రొమ్ము మాంసం ముక్క మీద.

రంగు పూస్తే మరింత కనపడకపోవాలి గాని, ఎక్కువ కనపడటమేమిటి? పరిక్షేపణం పుట్టేది తేడాలోంచి. ఒంట్లోని నీటి వక్రీభవన గుణకం తక్కువ, కొవ్వు, ప్రొటీన్లది ఎక్కువ. రెండింటి సరిహద్దులో కిరణం వంగుతుంది. నీటి గుణకాన్ని కొవ్వు సరసకు పెంచగలిగితే వంపు తగ్గుతుంది. ఒక పదార్థం నీలాన్ని గట్టిగా మింగితే ఎరుపు దగ్గర దాని వక్రీభవన గుణకం పెరిగి తీరుతుందని 1920లలోనే క్రామర్స్, క్రోనిగ్ అనే ఇద్దరు భౌతికశాస్త్రవేత్తలు లెక్కతేల్చారు. టార్ట్రజీన్ నీలాన్ని బలంగా మింగుతుంది, కాబట్టి అది కలిసిన నీరు ఎరుపు కిరణానికి కొవ్వులా కనపడుతుంది. వందేళ్ల నాటి సూత్రం, నూరేళ్లకు పైబడిన రంగు. రెండూ అందరికీ తెలిసినవే, కలిపి చూసినవాళ్లే లేరు. అయితే మనిషి చర్మం ఎలుక చర్మానికి పదింతలు మందం, ఆ అధ్యయనంలో మనుషుల మీద దీన్ని పరీక్షించలేదు. ఇంకో మాట. మన ఆహార భద్రతా సంస్థ మిఠాయిల్లో ఈ రంగును కిలోకు 100 మిల్లీగ్రాములకు మించనివ్వదు. ఎలుక మీద రుద్దిన ద్రావణం దానికి వేల రెట్లు చిక్కన. జిలేబీ తిన్నవాడి పొట్ట అద్దమైపోతుందని వాట్సాప్‌లో వస్తే నమ్మకండి.

తిండి విషయానికొస్తే, కోయకుండా చూసే విద్యలన్నిటికీ పెద్దన్న కోడిగుడ్డు పరీక్ష. చీకటి గదిలో దీపం ముందు గుడ్డు పెట్టి లోపల నెత్తుటి చుక్క ఉందేమో చూసేవాళ్లు. అమెరికా వ్యవసాయశాఖలో కార్ల్ నోరిస్ అనే ఇంజినీరు 1950లలో ఈ పనిని యంత్రానికి అప్పగించాడు. ఆయన యంత్రం వెతికిందీ హిమోగ్లోబిన్‌నే. గుడ్డులో చుక్కగా, కప్పలో కాలేయంలో, రొమ్ములో కణితి చుట్టూ, మూడు చోట్లా దొరికిపోయేది ఆ ఒక్క అణువే. తర్వాత నోరిస్ ధాన్యంలో తేమ కొలవడానికి పరారుణ కాంతికి మళ్లి ఒక కొత్త రంగాన్నే తెరిచాడు. గోధుమలో ప్రొటీను, సోయాలో నూనె, నలగ్గొట్టకుండా, రసాయనం కలపకుండా, క్షణాల్లో తేలిపోయే రోజులొచ్చాయి. 1984లో ఆయనే అదే పద్ధతితో మనిషి ఒంట్లో కొవ్వు శాతం అంచనా వేయొచ్చని సహచరులతో కలిసి చూపించాడు. గింజ నుంచి ఒంటికి రావడానికి ఆయన పెద్దగా మార్చిందేమీ లేదు.

మన దగ్గర ఈ విద్య బియ్యం బస్తా మీద అచ్చయి ఉంది. ‘సార్టెక్స్ సోనా మసూరి’ అని చదివి చాలామంది సార్టెక్స్‌ను బియ్యం రకమనుకుంటారు. అది గింజలను రంగు చూసి ఏరే యంత్రం పేరు. జారుతున్న గింజలను కెమెరాలు చూస్తాయి, నల్ల గింజో రాయో కనపడితే యంత్రం సన్నటి గాలి దెబ్బతో పక్కకు కొడుతుంది. మా అమ్మమ్మ చేటలో మధ్యాహ్నమంతా చేసిన పని. ఆమె కూడా చెడ్డ గింజ అంటే ఏమిటో ఎవరో చూపించగా నేర్చుకున్నదే. యంత్రానికీ అలాగే ఎవరో చూపించాలి. చూపించినవాడు తప్పు చూపిస్తే?

పాల సంగతి చూడండి. పాల కేంద్రంలో రైతు చేతికి వచ్చే చీటీలో ఫ్యాట్ ఎంత, ఎస్‌ఎన్‌ఎఫ్ (కొవ్వు కాని ఘనపదార్థం) ఎంత అని ఉంటుంది. డబ్బు లెక్క దాని మీదే. పెద్ద డెయిరీల ల్యాబుల్లో పరారుణ యంత్రం కొవ్వు ఒక రంగును, ప్రొటీను ఇంకో రంగును, లాక్టోజు మరో రంగును ఎంత మింగాయో చూసి ఈ అంకెలు చెబుతుంది. ప్రొటీను తేల్చడానికి మరో పాత దారి 1883 నాటి కెల్దాల్ పరీక్ష. అది నిజానికి ప్రొటీనును చూడదు, నైట్రోజన్‌ను కొలిచి ప్రొటీను ఇంత ఉండాలని గుణిస్తుంది. ప్రొటీన్లలో నైట్రోజన్ 16 శాతం దగ్గర ఉంటుంది. మెలమైన్ అనే ప్లాస్టిక్ పరిశ్రమ రసాయనంలో 66 శాతం. చైనాలో నీళ్లు కలిపిన పాలలో మెలమైన్ వేస్తే పరీక్ష పాసయ్యేది. 2008లో బయటపడేసరికి సుమారు 3 లక్షల మంది పసిపిల్లలు జబ్బుపడ్డారు, ఆరుగురు చనిపోయారు. పరీక్ష అబద్ధం చెప్పలేదు. నైట్రోజన్ ఉందా అంటే ఉందని చెప్పింది, అది ప్రొటీనే అనుకున్నది మనం. కొలిచేది ఒకటి, కావలసింది ఇంకొకటి అయినచోట మోసగాడు వచ్చి కూర్చుంటాడు. మోసగాడు లేకపోయినా పొరపాటు వచ్చి కూర్చుంటుంది. ఈ మాట ఆసుపత్రికీ వర్తిస్తుందని కాసేపట్లో చెబుతాను.

కొలిచే వస్తువునే సూటిగా గుర్తుపట్టే వెలుతురు ఒకటుంది. దానికి మన తీరంతో చుట్టరికం. విశాఖపట్నంలో ఏవీఎన్ కళాశాల అధ్యాపకుడి కొడుకుగా పెరిగిన రామన్, 1928లో కలకత్తాలో, చెదిరిన వెలుతురులో ఒక పిసరు తన రంగు మార్చుకుంటుందనీ ఆ మార్పు తాను తగిలిన అణువు చిరునామా చెబుతుందనీ కనిపెట్టాడు. ఆ తర్వాత భౌతికశాస్త్రవేత్త సూరి భగవంతం వాల్తేరులో కూర్చుని ఆ విషయం మీద రాసిన గ్రంథాన్ని 1940లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు అచ్చేసింది. అందరూ శత్రువనుకున్న పరిక్షేపణాన్నే సాక్షిగా నిలబెట్టిన విద్య ఇది. చిక్కల్లా ఆ పిసరు మరీ పిసరు కావడం, పైపొర నుంచే ఎక్కువగా రావడం. 2005లో ఇంగ్లండులోని రూథర్‌ఫర్డ్ ఆపిల్‌టన్ ప్రయోగశాలలో పావెల్ మతూసెక్ చిన్న ఉపాయం చేశాడు. లేజర్ ఒకచోట వేసి, చెదిరిన వెలుతురును కొంచెం పక్కన పట్టాడు. పక్కకు వచ్చిన కాంతి లోతుకు వెళ్లి వచ్చినదై ఉంటుంది. పైపొర సంతకాన్ని తీసివేస్తే లోపలిది మిగులుతుంది. దీన్ని విమానాశ్రయాల్లో మూత తీయకుండా సీసాలో ఏముందో చూడటానికి వాడారు. 2017లో మాంచెస్టర్‌వాళ్లు మూసి ఉన్న రంగు సీసాలోని మద్యంలో మిథనాల్ లాంటి కల్తీని బయటినుంచే పట్టారు. కల్తీసారాకు బలైన ఊళ్లున్న దేశంలో ఇది చిన్న సంగతి కాదు. అదే పద్ధతితో రొమ్ములోని సున్నపు రేణువులు ఏ రసాయనానివో, అంటే ప్రమాదం లేనివో ఉన్నవో, కోయకుండా తేల్చాలని మతూసెక్, నిక్ స్టోన్ ఏళ్లుగా పనిచేస్తున్నారు. సీసా తేలికగా లొంగింది, రొమ్ము ఇంకా లొంగలేదు. సీసా గోడ ఎక్కడైనా ఒకటే మందం మరి.

ఆపరేషన్ గదిలో పరిస్థితి కొంత మెరుగు, అక్కడ ఎలాగూ కోశారు కాబట్టి. మాంట్రియల్‌లో 2015లో 17 మంది మెదడు కణితి రోగుల మీద రామన్ కాంతి పంపే పెన్నులాంటి పరికరం వాడి, తాకించిన చోట క్యాన్సర్ ఉందో లేదో తొంభై శాతానికి పైగా సరిగ్గా చెప్పారు. అంతకుముందే జర్మనీలో ఇంకో దారి పరీక్షించారు. 5-ఏఎల్ఏ అనే మందు తాగిస్తే మెదడు కణితి నీలం వెలుగులో గులాబీ రంగులో మెరుస్తుంది. 2006లో వెలువడిన 322 మంది అధ్యయనంలో, ఆ మెరుపు చూసి కోసినవాళ్లలో 65 శాతం మందికి కనపడే కణితి మొత్తం పోయింది, మామూలు దీపాల కింద కోసినవాళ్లలో 36 శాతానికే. జబ్బు తిరగబెట్టడం ఆలస్యమైంది. మొత్తం ఆయుష్షులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. పత్రికలు మొదటి అంకె రాస్తాయి, చివరిది వదిలేస్తాయి. రోగి ఇంటివాళ్లు అడిగేది చివరిదే.

మెరవడంలోనూ కప్పలే ముందు. 2017లో అర్జెంటీనాలో ఒక చుక్కల చెట్టుకప్ప ప్రతిదీప్తితో మెరుస్తుందని బయటపడింది. ఆ పరిశోధనలోనూ పైన చెప్పిన తబోదా ఉన్నాడు. టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో మైకేల్ లెవిన్ ప్రయోగశాల 2013లో కప్పపిల్లల్లో కణితి పుట్టబోయే చోటును, కణాల పొర విద్యుత్తు మారడాన్ని చూపే మెరిసే రంగులతో ముందే గుర్తించింది. అన్నట్టు, కప్ప పరీక్షా పరికరంగా పనిచేసిన రోజులూ ఉన్నాయి. 1930ల నుంచి కొన్ని దశాబ్దాలు, గర్భం వచ్చిందో లేదో తెలియడానికి ఆడమనిషి మూత్రాన్ని ఆఫ్రికా జెనోపస్ కప్పకు ఎక్కించేవారు. మర్నాటికి గుడ్లు పెడితే గర్భమే. కప్ప తిండిగానూ పోయింది, మన దేశం నుంచి కప్ప కాళ్ల ఎగుమతి 1987 దాకా సాగింది. 2023లో ‘నేచర్’లో వచ్చిన లెక్క ప్రకారం ప్రపంచంలోని ఉభయచరాల్లో 41 శాతం జాతులకు ముప్పుంది. గాజుకప్ప నేర్పిన పాఠం లాంటివి ఇంకెన్ని చదవకముందే చిరిగిపోతున్నాయో.

ఇప్పుడు పేరు పెట్టే సంగతి. కోవిడ్ రోజుల్లో ఇంటింటా వేలికి తగిలించుకున్న ఆక్సీమీటరు గుర్తుందిగా. అదీ హిమోగ్లోబిన్ మింగిన ఎరుపు, పరారుణాల నిష్పత్తి చూసే యంత్రమే. ఆ నిష్పత్తికి ఎంత శాతమని చెప్పాలో ముందుగా కొందరు మనుషుల మీద కొలిచి పట్టిక రాసుకుంటారు. 2020 డిసెంబరులో అమెరికాలో వచ్చిన అధ్యయనం, రక్తంలో ఆక్సిజన్ ప్రమాదకరంగా పడిపోయినా యంత్రం బాగుందని చూపిన సందర్భాలు నల్లజాతి రోగుల్లో తెల్లవారికంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువని చూపింది. చర్మంలోని మెలనిన్ కూడా వెలుతురును మింగుతుంది, పట్టికలో దానికి తగినంత చోటివ్వలేదు. వెలుతురుతో రొమ్మును, నోటిని, చర్మాన్ని చూసే ప్రతి కొత్త యంత్రానికీ ఇదే గండం. శ్రీకాకుళం ఎండలో నల్లబడ్డ చర్మం మీద లేజర్ మెరుపులో కొంత పైపొరలోనే ఖర్చయిపోతుంది.

కృత్రిమ మేధ వచ్చాక పట్టిక రాసే పని కంప్యూటరుకే వదిలేశాం. అది ఏం చూసి నేర్చుకుందో మనకు చెప్పదు. 2019లో జర్మనీ పరిశోధకులు ఒక చిన్న పరీక్ష చేశారు. చర్మ క్యాన్సర్‌ను గుర్తించే ప్రోగ్రాముకు మామూలు పుట్టుమచ్చల ఫొటోలు చూపించారు. వాటి పక్కన సర్జన్లు పెట్టే ఇంకు గీత ఉన్నప్పుడు అది క్యాన్సరని తప్పుగా చెప్పడం పెరిగిపోయింది. డాక్టర్లు అనుమానం ఉన్నచోటే గీత పెడతారు, ప్రోగ్రాము గీతను చదవడం నేర్చుకుంది. నైట్రోజన్‌ను ప్రొటీను అనుకున్న కథే ఇది, పాలు మారాయంతే. 2014లో ఇజ్రాయెల్ సంస్థ ఒకటి అగ్గిపెట్టంత పరారుణ పరికరాన్ని పళ్లెం మీద చూపిస్తే తిండిలో ఏముందో ఫోను చెప్పేస్తుందని ప్రజల దగ్గర ఇరవై ఏడు లక్షల డాలర్లకు పైగా వసూలు చేసింది. కొన్నాళ్లకు అది పళ్లేలు వదిలి గింజలు, పశువుల మేత వైపు మళ్లింది. అందులో వింతేమీ లేదు. గోధుమ గింజ ఎక్కడైనా గోధుమ గింజే, పప్పుచారు ఏ రెండిళ్లలోనూ ఒకటి కాదు.

ఇవన్నీ చదివాక నా తీర్పు ఇది. ధాన్యం, పండ్లు, మూసిన సీసాల విషయంలో కోయకుండా చూడటం పని అయిపోయిన విద్య, ఇక చవకబడటమే మిగిలింది. ఆపరేషన్ బల్ల మీద మెరిసే మందులు నిలదొక్కుకున్నాయి. సూది లేకుండా గడ్డకు పేరు పెట్టడం మాత్రం దగ్గర్లో లేదు, దగ్గర్లో ఉందన్న వార్త చూస్తే రెండు సంగతులు వెతుక్కోండి: ఎంతమంది మీద చూశారు, ఎవరి చర్మం మీద చూశారు.

ఈలోగా చేతిలో ఉన్నదాన్ని వదులుకోవద్దు. మన దేశంలో 2022లో కొత్తగా సుమారు 1 లక్షా 92 వేలమంది స్త్రీలకు రొమ్ము క్యాన్సర్ వచ్చిందని అంచనా. ముంబైలో టాటా మెమోరియల్ వైద్యులు లక్షన్నర మంది స్త్రీలను ఇరవై ఏళ్లు గమనించారు. వాళ్లలో సగం మందికి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో తడిమి రొమ్ము పరీక్ష చేశారు. లేజరు లేదు, ఎక్స్‌రే లేదు. 2021లో వచ్చిన ఫలితం: మొత్తంమీద మరణాలు 15 శాతం తగ్గినట్టు కనిపించినా అది గట్టిగా చెప్పగలిగేంత తేడా కాదు. 50 దాటినవాళ్లలో మాత్రం మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి, అది గట్టి తేడాయే. 30 ఏళ్లు దాటినవాళ్లకు రొమ్ము, నోరు, గర్భాశయ ముఖద్వార పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో చేసే కార్యక్రమం ఇప్పటికే నడుస్తోంది. ఈసారి ఆశా కార్యకర్త మీ వీధికి వచ్చినప్పుడు, ఇంట్లో ఆడవాళ్లకు ఆ పరీక్ష ఏ రోజున చేస్తారో అడిగి రాసి పెట్టుకోండి.